పద్దెనిమిది వేల మైళ్ళ తేడా

మా వదిన గారి ఊరు మా ఊరికి పడమటగా విమానంలో రెండు గంటలు. ఆ వానాకాలం మేము అక్కడికి చేరడానికి నలభై మూడు రోజులు పట్టింది. దారి తప్పలేదు. ఆ దారి వేసింది నేనే, ఇంట్లో భోజనాల బల్ల మీద, పెన్సిళ్ళు చెక్కుకుంటూ, మూడు వారాలపాటు కూర్చుని.

వదిన అంటే మా ఆవిడకి అక్క. తొమ్మిదేళ్ళు పెద్ద. మా ఆవిడకి తలదువ్వి బడికి పంపిందీ ఆవిడే, పెళ్ళిచూపుల్లో నన్ను ఎగాదిగా చూసి "మాటకారి కాడు గానీ మనిషి మంచివాడే, చేసుకో" అని తేల్చిందీ ఆవిడే. దేశాలు వేరైనా అక్కచెల్లెళ్ళిద్దరూ రోజూ పొద్దున పదింటికి ఫోన్లో కలుసుకునేవాళ్ళు. మాట్లాడుకునేది తక్కువ. మా ఆవిడ ఫోన్ స్పీకరులో పెట్టి గట్టు మీద ఆనించి తన వంట తను చేసుకునేది, అక్కడ ఆవిడ వంట ఆవిడ చేసుకునేది. గంటసేపు ఈ వంటింట్లో ఆ వంటింటి గిన్నెల చప్పుడు. "మీ ఇద్దరికీ ఫోన్ కంపెనీ వాడు దండేసి దండం పెట్టాలి" అని నేను ఏడిపించేవాణ్ణి. అలాంటి వదినకి ఆ ఎండాకాలం చివర్లో కాలేయం పాడైందని తేలింది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అన్నారు డాక్టర్లు.

సరిగ్గా అప్పుడే నేను రిటైరయ్యాను. ముప్పై ఒక్క ఏళ్ళు విమానం టికెట్ల ఆఫీసులో పనిచేశాను. ఎక్కడెక్కడి వాళ్ళనో ఎక్కడెక్కడికో పంపాను. నేను మాత్రం విమానం ఎక్కింది రెండే రెండు సార్లు, అదీ శిక్షణ తరగతులకి. అందుకేనేమో, వీడ్కోలు బహుమతిగా ఆఫీసు వాళ్ళు మా ఇద్దరికీ భూమి చుట్టూ తిరిగే టికెట్ ఇచ్చారు. వానాకాలం అయిపోయేలోగా బయల్దేరాలి. నా మొహంలో ఆ రోజున్న వెలుగు చూసి మా ఆవిడే అంది, "పెళ్ళినాడు కూడా ఇంత వెలగలేదు మీరు."

ఆ టికెట్ సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. అందులో పదహారు కూపన్లుంటాయి, ఒక్కో విమానానికి ఒక్కో కూపన్. తూర్పుకి బయల్దేరితే తూర్పుకే పోవాలి, పడమటికైతే పడమటికే. భూమి చుట్టి మళ్ళీ ఇంటికి రావాలి. అరగంట విమానం ఎక్కినా ఒక కూపనే ఖర్చవుతుంది, పదిహేను గంటల విమానం ఎక్కినా ఒక కూపనే. కానీ ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్ళు మన ఖాతాలో పడతాయి. ఆ మైళ్ళు పోగుచేసుకుంటే తర్వాత ఉచితంగా టికెట్లు ఇస్తారు. కాబట్టి తెలివైనవాడు ఏం చేయాలి? ఒక్కొక్క కూపన్‌తో వీలైనంత దూరం ఎగరాలి. ఆఫీసులో నన్ను 'మైళ్ళ మాస్టారు' అనేవాళ్ళు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళకి మైళ్ళు లెక్కగట్టి పెట్టి, నా ఖాతాలో గుండుసున్నాతో ఇంటికొచ్చినవాణ్ణి. ఇప్పుడు నా వంతు వచ్చిందని సంబరపడిపోయాను.

పాత కేలండరు కాగితాల వెనక పదహారు గళ్ళు గీసుకుని కూర్చున్నాను. బయట ఒకటే వాన. ఊళ్ళ పేర్లు రాస్తే చోటు చాలడం లేదని అంకెలు వేసుకున్నాను. ఒకటో ఊరు, రెండో ఊరు, అలా. కొన్నాళ్ళకి మా ఆవిడ కూడా అంకెలతోనే మాట్లాడటం మొదలుపెట్టింది.

"అక్క ఊరు ఎన్నో అంకె?" అని అడిగిందొక రోజు, తడిసిన బట్టలు లోపల దండెం మీద వేస్తూ.

"పదిహేను."

"చివరా?"

"మనం తూర్పుకి పోతున్నాం కదా. మీ అక్క ఊరు పడమట ఉంది. అంతా చుట్టి వచ్చాక ఇంటికి ముందు తగులుతుంది."

ఆమె బట్టలు వేయడం ఆపింది. "పోనీ పడమటికే తిరిగితే? అప్పుడు అక్క ఊరే మొదటిది కదండీ."

మంచి ప్రశ్నే. నేను దాన్ని ముందే వేసుకున్నాను, జవాబూ నా దగ్గరుంది. పడమటికి తిరిగితే పెద్ద సముద్రం దాటించే విమానం వేరే కంపెనీది, వాళ్ళు మైళ్ళు సగమే ఇస్తారు. రెండు దారులూ పక్కపక్కన వేసి కూడి చూపించాను. "చూడు, పద్దెనిమిది వేల మైళ్ళ తేడా. మామూలు తేడా కాదు. తూర్పుకి పోతే, వచ్చే మైళ్ళతో మనిద్దరం ఏడాదికి రెండు సార్లు చొప్పున మూడేళ్ళు మీ అక్క దగ్గరికి ఊరికే వెళ్ళి రావచ్చు. ఒక్క పైసా కట్టక్కర్లేదు."

"మూడేళ్ళా?" అంది.

అంతే అంది. మళ్ళీ బట్టలు వేసుకోసాగింది. ఆ మాట నాకు ఇప్పుడు వినపడుతుంది. అప్పుడు నాకు వినపడింది ఆమె ఒప్పుకున్నట్టే. లెక్క అంత బాగా కుదిరింది మరి.

నాలుగు రోజుల తర్వాత ఇంకో దారి వెతుక్కుని వచ్చింది. "నేనొక్కదాన్నే ఇప్పుడు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేస్తాను. మీ టికెట్‌తో పన్లేదు. విడిగా కొనుక్కుంటాను."

"వీసా?" అన్నాను. ఆ దేశం వాళ్ళు ఆరు నెలలకి ఒక్కసారే లోపలికి రానిస్తారు. "ఇప్పుడు వాడేసుకుంటే చివర్లో నిన్ను విమానాశ్రయం నుంచే వెనక్కి పంపిస్తారు. చివర్లో నెల రోజులు అక్క దగ్గరే ఉందామనుకున్నాం. నాలుగు రోజుల కోసం నెల పోగొట్టుకుంటానంటావా? నువ్వే చెప్పు."

నువ్వే చెప్పు అని అడిగానంటే ఇక చెప్పడానికేమీ మిగల్చలేదనే అర్థం. ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటరు వెనక కూర్చుని నేర్చుకున్న విద్య అది. ఆమె వదినకి ఫోన్ చేసి చెప్పింది. స్పీకరులో వదిన నవ్వింది. "హాయిగా తిరిగి రండే. నేనెక్కడికి పోతాను?"

ఆఫీసుకి వెళ్ళి టికెట్ రాయించాను. నా కుర్చీలో ఇప్పుడు నేను పని నేర్పిన అమ్మాయి కూర్చుంది. నా కాగితం చూస్తూ టకటకా కొట్టుకుంటూ పోయింది. మధ్యలో ఆగింది.

"సార్, ఆరో ఊరికి వెళ్ళి మూడు గంటల్లో మళ్ళీ వెనక్కే వస్తున్నారు. తప్పు పడిందేమో."

"తప్పు కాదమ్మా. ఆ ఖండం లోపల మాత్రం వెనక్కి రానిస్తారు. ఖండం ఆ చివర నుంచి ఈ చివరకి. పోనూ రానూ ఏడు వేలు."

"అబ్బో" అని నవ్వింది. చివరికి వచ్చేసరికి నవ్వలేదు. వదిన జబ్బు సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. "సార్, మేడం గారి అక్క ఉన్న ఊరు ఇదే కదూ. దీన్ని ముందుకి తేలేమా?"

"తేలేం. దిక్కు ఒప్పుకోదు."

"దిక్కు మార్చుకోవచ్చు కదా సార్" అంది నెమ్మదిగా. చిన్నపిల్ల, నిన్నగాక మొన్న వచ్చింది, నాకు పాఠం చెబుతుందా అని ఒళ్ళు మండింది. "నువ్వు ముందు అచ్చు వెయ్యి" అన్నాను. వేసింది. ఆ టికెట్ పట్టుకుని వానలో ఇంటికి నడిచి వస్తుంటే, సంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ.

బయల్దేరాం. మొదటి నాలుగు ఊళ్ళూ బాగానే గడిచాయి. తర్వాత మా ఆవిడకి కాళ్ళు వాచాయి. కాళ్ళకి బలపం కట్టుకుని తిరగడమంటే ఏమిటో ఆ ఐదో ఊళ్ళో తెలిసొచ్చింది. హోటల్ గదులన్నీ ఒకేలా ఉండేవి. తెల్ల దుప్పటి, తెరుచుకోని కిటికీ, గోడ అవతల ఎవరిదో దగ్గు. నేను ఫోన్ తెరిచి పడిన మైళ్ళు చూసుకునేవాణ్ణి. ఆమె ఫోన్ తెరిచి అక్క ఊళ్ళో ఇప్పుడెంతైందో చూసుకునేది. తూర్పుకి పోయేకొద్దీ వాళ్ళ పదింటికీ మా పదింటికీ సంబంధం తెగిపోయింది. ఆమెకి కుదిరినప్పుడు వదిన నిద్రపోతూ ఉండేది, వదిన లేచినప్పుడు మేము గాల్లో ఉండేవాళ్ళం.

ఆరో ఊళ్ళో విమానాశ్రయం దాటి బయటికే పోలేదు. ఒక బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాం. అద్దాల అవతల ఎండ, ఎవరో సామాన్లు లాక్కుంటూ పోతున్నారు.

"ఏమండీ" అంది మా ఆవిడ, వాచిన కాళ్ళు సంచీ మీద పెట్టుకుని. "ఈ ఊరికి ఎందుకొచ్చాం?"

"తిరిగి వెళ్ళడానికి."

నవ్వుతుందనుకున్నాను. కళ్ళు మూసుకుని వెనక్కి ఆనుకుంది. నాకు సిగ్గేసింది, దాన్ని కోపంగా మార్చుకుని లేచి కాఫీకి పోయాను.

ఎనిమిదో ఊళ్ళో ఎట్టకేలకి ఒక పూట ఫోన్ కలిసింది. మా ఆవిడ అలవాటుగా స్పీకరులో పెట్టింది. ఇద్దరూ ఏవో రెండు మాటలు అనుకున్నారు. తర్వాత మామూలే, మాటల్లేవు. నేను గడ్డం గీసుకుంటున్నాను. కాసేపటికి మా ఆవిడ స్నానాల గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"గిన్నెల చప్పుడు వినపడట్లేదు" అంది గొంతు తగ్గించి.

"పడుకుని మాట్లాడుతోందేమో."

"అక్క పడుకుని మాట్లాడ్డం ఎప్పుడైనా విన్నారా మీరు?"

గడ్డం సగంలో ఆపి అద్దంలోంచే ఆమెని చూశాను. "ఇక్కడి నుంచి అక్క ఊరికి విమానం ఉందా?" అని అడిగింది.

ఉంది. నాకు తెలుసు. దాని నంబరు కూడా నోటికి వచ్చు. "ఉన్నా ఏం లాభం? ఒక్క కూపన్ వదిలేస్తే మిగతావన్నీ రద్దయిపోతాయి. ఇంకా సగం కూపన్లున్నాయి. ఇరవై మూడు రోజులు ఓపిక పట్టు" అన్నాను.

"మీరు చెప్పండి అయితే, అక్క ఇరవై మూడు రోజులు..." అని ఆగిపోయింది. మిగతా మాట మింగేసి మంచం దగ్గరికి పోయి ఫోన్ చెవికి ఆనించుకుంది. నేను మిగతా గడ్డం గీసుకున్నాను. ఆ ఇరవై మూడు రోజులూ నేను లెక్కగట్టినవే, వదినకీ అవే వర్తిస్తాయని నా నమ్మకం. అంత మూర్ఖుణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

నలభై ఒకటో రోజున, పదో ఊరి విమానాశ్రయంలో ఉండగా తోడల్లుడు గారు ఫోన్ చేశారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఇల్లు అంటుకున్నా "కాస్త వేడిగా ఉంది, ఇలా రండి" అనే రకం. "ఆస్పత్రిలో చేర్చాం. కంగారు పడాల్సిందేం లేదు గానీ, వీలైతే వచ్చెయ్యండి. రెండు మూడు రోజులు చూడాలంటున్నారు" అన్నారు. మా ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టి, పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "వెళ్ళి చూడండి" అంది, కౌంటరు వైపు చెయ్యి చూపించి.

వెళ్ళాను. కౌంటరులో నా వయసే ఉన్న ఒకావిడ, కళ్ళజోడు గొలుసుకి వేలాడదీసుకుని ఉంది. సంగతి చెప్పాను. ఆవిడ చకచకా చూసింది. పనిమంతురాలు, ఆ వేళ్ళు చూస్తే తెలిసిపోయింది.

"రెండు దారులున్నాయి" అంది. "గంటన్నరలో ఒక విమానం ఉంది, మధ్యలో ఒక్క చోట మారతారు. ఎల్లుండి తెల్లవారుజామున మూడింటికి చేరతారు. ఈ టికెట్ ఇక్కడితో మూసేసి కొత్తది రాస్తాను, జబ్బు సంగతి కాబట్టి డబ్బేమీ తీసుకోను. లేదంటే మీ టికెట్ ప్రకారమే నాలుగు గంటల తర్వాత పదకొండో ఊరికి పెద్ద విమానం ఎక్కి, అక్కడి నుంచి సూటిగా పోవచ్చు. అలాగైతే ఎల్లుండి మధ్యాహ్నం రెండింటికి."

"మొదటి దాంట్లో మైళ్ళు?" అన్నాను.

నేనే అన్నాను. ఎవరో నా గొంతులో దూరి అన్నారని చెప్పుకోవాలని ఎన్నిసార్లు చూశానో, కుదరలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. ఆవిడా రోజంతా ఇదే ప్రశ్న వినేదే, కాబట్టి మర్యాదగానే జవాబిచ్చింది. "అలా రాసే టికెట్లకి మైళ్ళు రావు."

పదకొండో ఊరిది పదహారింటిలోకీ పొడుగు విమానం. దాని కోసమే నేను ఈ వైపు దారి వేసింది. ఎనిమిది వేల మైళ్ళు. తేడా పదకొండు గంటలు. రెండు మూడు రోజులు చూడాలన్నారు కదా, కంగారు లేదన్నారు కదా, పదకొండు గంటల్లో కొంపేం మునుగుతుంది అనుకున్నాను. ఇంత ఆలోచనకీ నాకు పట్టింది నాలుగు క్షణాలు. పనిలో అంత చురుగ్గా ఉండేవాణ్ణి.

"పెద్ద విమానమే ఉంచండి" అన్నాను.

బెంచీ వైపు తిరిగితే మా ఆవిడ లేచి నిలబడి ఉంది. నేను వెళ్ళినప్పుడు కూర్చున్న చోట లేదు, కౌంటరుకి నాలుగు అడుగుల దూరంలో ఉంది. సంచీ భుజానికి వేసుకుంది.

"దొరికిందా?" అంది.

"దొరికింది. నాలుగు గంటల్లో విమానం. ఎల్లుండి మధ్యాహ్నానికి అక్కడుంటాం."

"అంతకన్నా ముందు లేదా?"

"లేదు" అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ నాలుగు గంటలూ, తర్వాతి పదిహేను గంటల విమానంలోనూ, ఆపై విమానంలోనూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అక్క గురించిన బెంగ అనుకున్నాను. ఏం విన్నదో, ఎంత విన్నదో నేను అప్పుడు అడగలేదు. ఇన్నేళ్ళలోనూ అడగలేదు.

ఎల్లుండి మధ్యాహ్నం, వాళ్ళ ఊళ్ళో కూడా వాన. విమానాశ్రయం నుంచి తిన్నగా ఆస్పత్రికే పోయాం. రెండో అంతస్తులో నడవ చివర ఒక పొడవాటి బల్ల మీద తోడల్లుడు గారు కూర్చుని ఉన్నారు. పక్కన ఒక సంచీ. అందులోంచి వదిన చెప్పులు కనిపిస్తున్నాయి. గది తలుపు తీసే ఉంది. లోపల ఒకామె మంచం మీద దుప్పటి మారుస్తోంది.

మా ఆవిడ తలుపు దాకా పోయి ఆగింది. కొత్త దుప్పటి నాలుగు మూలలా సర్దేదాకా చూస్తూ నిలబడింది. ఆపైన వచ్చి బావగారి పక్కన కూర్చుంది.

"పొద్దున ఎనిమిదింటికి" అన్నారాయన. "అప్పటిదాకా మాట్లాడుతూనే ఉంది. రాత్రంతా నిద్రపోలేదు. ఎంతైంది, ఎంతైంది అని అడుగుతూనే ఉంది."

నా లెక్క నన్ను అడక్కుండానే జరిగిపోయింది. మూడింటి నుంచి ఎనిమిదింటి దాకా, ఐదు గంటలు. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏడవడానికి కూడా నాకు అర్హత లేదనిపించింది, కానీ ఏడుపొచ్చింది.

ఆయన నా వైపు తిరిగారు. ఆ మనిషి నన్ను పాతికేళ్ళలో ఒక్కనాడు నిలదీసి ఎరగడు.

"తమ్ముడూ, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. తను పోయే ముందు కూడా అదే అడిగింది, నేను ఏమీ చెప్పలేకపోయాను. రెండు గంటల దూరం కదా. ఎండాకాలం నుంచి ఎదురుచూసింది. మీరేమో అటు తిరిగి వెళ్ళారు. ఏవో మైళ్ళ కోసమని చెల్లి చెప్పిందట, తను నమ్మలేదు. మైళ్ళ కోసం ఎవరైనా అలా చేస్తారా, మరిది గారికి నా మీదేదో మనసులో ఉంది, నేనెప్పుడో ఏదో అని ఉంటాను, నాకు గుర్తు రావట్లేదు, మీరైనా అడగండి అంది. ఏమందయ్యా? ఎప్పుడంది? ఏదైనా ఉంటే చెప్పు."

చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే, అది ఆ బల్ల ముందు నిలబడి చెప్పగలిగేది కాదు.

మా ఆవిడ వంగి ఆ చెప్పులని సంచీ లోపలికి నెట్టింది. సంచీ మూతి ముడేసింది. నా వైపు చూడకుండానే అంది.

"అదేం లేదు బావా. టికెట్లు దొరకలేదు."

ఆయన నా వైపు చూశారు. నేను అవునన్నట్టు తల ఊపాను.